స్టార్‌గార్ట్ ఉన్న పిల్లకు విటమిన్ ఎ మాత్రలు వెయ్యొచ్చా?

"మా అన్నయ్య కూతురికి పదకొండేళ్లు, స్టార్‌గార్ట్ అన్నారు, విటమిన్ ఎ మాత్రలు వేస్తే చూపు నిలుస్తుందా?" అని అడిగారు. వెయ్యొద్దు. కూరలో క్యారెట్ తింటే ఏం కాదు, మాత్రల సీసా మాత్రం అవతల పెట్టండి.

స్టార్‌గార్ట్ అంటే జన్యు లోపం వల్ల రెటీనా, అంటే కంటి లోపలి తెర, మధ్యభాగం దెబ్బతిని మధ్య చూపు మెల్లగా పోయే జబ్బు. మా అమ్మాయికీ ఇదే. ఏడో తరగతిలో మొదలైంది, ఇప్పుడు ఇంటర్. మా అమ్మ ఆర్నెల్లు వారానికి మూడుసార్లు పొన్నగంటి కూర వండింది. ఆవిడ ప్రేమ ఆవిడది. కానీ ఇక్కడ విటమిన్ తక్కువ కావడం కాదు గొడవ. కన్ను వాడుకున్న విటమిన్ ఎ తాలూకు చెత్తను తీసేసే ప్రొటీన్ సరిగా పనిచెయ్యదు, ఏబీసీఏ4 అనే జన్యువులో తేడా. చెత్తబండి రాని గల్లీలో ఇంకో రెండు బుట్టలు కుమ్మరిస్తామా?

మాకు ఈ పేరు తెలిసేలోపే మూడు జతల కళ్లద్దాలు మారాయి. ఒక కంటి డాక్టరైతే చదువు తప్పించుకునే నాటకం అన్నాడు. మొదట్లో రెటీనా మామూలుగానే కనిపించొచ్చు, నిజమే. అయినా పన్నెండేళ్ల పిల్లను అనే మాటా అది?

పోయిన జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్‌లో ఒంటరిగా బస్సెక్కుతానని పంతం పట్టింది. నేను వెనకాల పరాయివాడిలా నిలబడ్డా. బస్సొచ్చింది. తను బోర్డు వైపు కాకుండా దాని పైన ఆకాశంలోకి చూసింది. మధ్య చూపు పోయినవాళ్లు అంతే, పక్కకు చూస్తేనే ఏదైనా అందుతుంది. నాతో మాట్లాడేటప్పుడు కూడా నా చెవి వైపు చూస్తుంది. నంబర్ అందలేదు. పక్కనున్నాయన్ని అడిగింది.

"అంకుల్, కోఠీ పోతుందా?"

"గంత పెద్ద బోర్డు కనబడ్తలేదా?"

"కనబడ్తలేదు అంకుల్" అంది, టైమ్ చెప్పినంత మామూలుగా. అని, గుంట దాటి, రెండు స్కూటీల మధ్యనుంచి చకచకా వెళ్లి ఎక్కేసింది. పక్క చూపు బాగానే ఉంది మరి. ఆయన నా వైపు తిరిగి "చూసిన్రా సార్, యాక్టింగ్" అన్నాడు. నేను తలూపాను. ఈ ముక్క మా ఆవిడకి చెప్పలేదు.

ఇంకోటి. జబ్బు పేరు చెప్పగానే "మీది మేనరికమా?" అంటారు. మాది నల్గొండ, ఆవిడది కాకినాడ, ఏ చుట్టరికమూ లేదు. మేనరికంలో అవకాశం ఎక్కువే, కాదనను. కానీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ చెడ్డ జన్యువులే వస్తే ఎవరికైనా వస్తుంది. చెరో చెడ్డ జన్యువు మోస్తున్న మాలాంటి జంటకి ప్రతి కాన్పులో 25 శాతం అవకాశం. మా ఇద్దరి చూపూ శుభ్రంగా ఉంది, ముందే ఎలా తెలుస్తుంది? మీ వదినగారిని ఎవరైనా అంటుంటే ముందు ఆ నోళ్లు మూయించండి.

2017లో అమెరికా ఒప్పుకున్న జన్యు చికిత్స గురించి వాట్సాప్‌లో తప్పకుండా పంపుతారు. అది ఆర్‌పీఈ65 అనే వేరే జన్యువుకి, దీనికి కాదు. ఎండలో టోపీ, చలవ అద్దాలు పెట్టించండి. పదో తరగతిలో స్క్రైబ్, అంటే పరీక్ష రాసిపెట్టే మనిషి, కావాల్సి వస్తే వైకల్య సర్టిఫికెట్ (సదరం) పని ముందే మొదలుపెట్టండి. మేం జనవరి దాకా నాన్చి, పరీక్షల ముందు ఆఫీసుల చుట్టూ తిరిగాం.