పాప ఎఫ్‌డీ ముట్టనంటారు, యాప్ అప్పుకు సరేనంటారు

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): మాది విశాఖపట్నం, మధురవాడ. పరవాడ దగ్గర మందుల కంపెనీలో పని చేస్తున్నాను. చేతికి వచ్చే జీతం రూ.62,000, ఇంటి ఖర్చు రూ.45,000. ఆరేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు ఉంది. మే నెలలో ఒక విదేశీ సైట్‌లో భారీ తగ్గింపు చూసి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ల జత తెప్పించాను. అన్నీ కలిపి రూ.44,000 అయింది. దాంతో చేయి ఇరుకై, జూన్ 10తో ముగిసిన కారు బీమాను పునరుద్ధరించలేదు. మొన్న అక్టోబరు వానలో రైల్వే వంతెన కింద నీళ్లలో కారు ఆగిపోయింది. మూడు నాలుగు సార్లు స్టార్ట్ చేసి చూశాను. ఇంజిన్ దెబ్బతిందని, రూ.1,15,000 అవుతుందని షెడ్డులో చెప్పారు. ఒక యాప్ నెలకు రెండున్నర శాతం వడ్డీకి ఏడాది అప్పు ఇస్తానంటోంది. నా పేరు మీద రూ.2 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అది మా ఏడేళ్ల పాప చదువు కోసం, కదిపే ఉద్దేశం లేదు. యాప్ అప్పు మంచిదా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా? మరో సంగతి: నా ఇంకో పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిందని, రూ.8,500 యూపీఐలో పంపమని మెసేజ్ వచ్చింది. కట్టాలా?

జవాబు: చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. కట్టవద్దు. కస్టమ్స్ అధికారులు ఎవరి సొంత ఖాతాకో, ఫోను నంబరుకో యూపీఐలో సుంకం పంపమని అడగరు. ఆ శాఖ నుంచి వచ్చే ప్రతి ఉత్తరం మీదా డీఐఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. నిజంగా పార్సిల్ రావలసి ఉంటే కొరియర్ సంస్థ సైట్‌లోకి మీరే వెళ్లి ట్రాకింగ్ నంబరు కొట్టి చూడండి, మెసేజ్‌లోని లింకు మాత్రం నొక్కకండి. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఇంజిన్ కాదు, హెడ్‌లైట్లూ కాదు. ఏడు శాతం వడ్డీ తెచ్చే సొమ్మును బ్యాంకులో భద్రంగా ఉంచి, ముప్ఫై శాతానికి అప్పు తెచ్చుకోవడం పొదుపు అని మీరు నమ్ముతున్నారు. నా దగ్గరికి వచ్చే పది కుటుంబాల్లో నాలుగైదు ఇదే చేస్తాయి. ఎఫ్‌డీకి పాప పేరు పెట్టగానే అది దేవుడి హుండీ అయిపోతుంది. అప్పు మాత్రం ఎవరి పేరూ లేని డబ్బులా కనిపిస్తుంది.

మన పెద్దవాళ్ల లెక్కలో చెబుతాను. నెలకు రెండున్నర శాతం అంటే నూటికి రెండున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆ ధరకు నోటు రాసి అప్పు తెచ్చారంటే ఇంట్లో పెద్ద గొడవ జరిగేది. అదే అప్పు ఫోనులో రంగుల బొమ్మలతో వస్తే ‘సులభ వాయిదాలు’ అంటున్నాం. రూ.1,15,000 మీద ఏడాదికి మీ వాయిదా నెలకు సుమారు రూ.11,200. వడ్డీ రూ.19,500. ప్రాసెసింగ్ ఫీజు మూడు శాతం అనుకున్నా, జీఎస్టీతో మరో రూ.4,000 పైన ముందే కోసుకుంటారు.

అదే ఎఫ్‌డీని రద్దు చేయకుండా దాని మీదే బ్యాంకులో అప్పు తీసుకుంటే, సాధారణంగా డిపాజిట్ వడ్డీ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. ఎనిమిదిన్నర శాతం అనుకుందాం. వాయిదా సుమారు రూ.10,000, ఏడాది వడ్డీ రూ.5,400లోపు. ఎఫ్‌డీ తన పాటికి తాను వడ్డీ తెస్తూనే ఉంటుంది. రెండు దారుల మధ్య తేడా రూ.18,000 పైమాటే. మీరు కట్టకుండా వదిలేసిన బీమా ప్రీమియం అంతకన్నా తక్కువే అయి ఉంటుంది. అది ఐదేళ్ల పన్ను ఆదా డిపాజిట్ కాకుండా ఉంటే చాలు (వాటి మీద అప్పు ఇవ్వరు), రేపే బ్యాంకుకు వెళ్లండి.

కార్డు ఈఎంఐ యాప్ కన్నా కొంత నయం, ఎఫ్‌డీ అప్పు కన్నా ఖరీదు. కార్డు మీద నగదు తీయడం గురించి ఆలోచించనే వద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకు తాకట్టు రెండో దారి. చీటీ నడుస్తుంటే పాట పాడటం మూడోది.

పాప చదువుకు పదేళ్ల వ్యవధి ఉంది. ఇంటికి ఆపద రావడానికి వ్యవధి ఉండదు. మీ ఖర్చు నెలకు రూ.45,000 అన్నారు. ఆరు నెలలకు రూ.2,70,000. అత్యవసర నిధిగా మీ ఇంట్లో ఉండవలసిన మొత్తం అది, ఉన్నది సున్నా. అందుకని ఆ రూ.2 లక్షల ఎఫ్‌డీకి ఈ రోజే పేరు మార్చండి. అది పాప చదువుది కాదు, ఇంటి అత్యవసర నిధి. నాన్న ఉద్యోగానికి మూడు నెలలు అంతరాయం వస్తే ముందు ఆగేది పాప స్కూలు ఫీజే కాబట్టి, ఈ పేరు మార్పు ఆమెకు అన్యాయమేమీ కాదు. చదువు నిధిని అప్పు తీరాక వేరేగా, చిన్న మొత్తంతో మొదలుపెట్టుకోవచ్చు.

ఇది విశాఖలో ఉండేవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదనుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన తర్వాత కరెంటు లేక, ఏటీఎంలు పని చేయక, పాల ప్యాకెట్టుకూ నీళ్ల క్యాన్‌కూ వరసలు కట్టిన రోజులు మనకు గుర్తే. అందుకే నిధిలో కొంత, కనీసం పది రోజుల ఇంటి ఖర్చు, నోట్ల రూపంలో ఇంట్లో ఉంచమంటాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. వాళ్లు ఆ వారం ఈ ఊళ్లో లేరని అర్థం.

ఇప్పుడు కారు. బీమా ఉంటే డబ్బు మొత్తం వచ్చేదని మీరు బాధపడుతుంటే, అదీ పూర్తి నిజం కాదు. నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేస్తే లోపలికి నీరు చేరుతుంది. నీరు గాలిలా నొక్కుకుపోదు, అందుకే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. మామూలు సమగ్ర పాలసీ ఈ నష్టాన్ని సాధారణంగా ఒప్పుకోదు, ఇంజిన్ రక్షణ అనే అదనపు కవర్ తీసుకుని ఉండాలి. అది ఉన్నా, నీళ్లలో పదే పదే తాళం తిప్పారని తేలితే బీమా కంపెనీ పేచీ పెడుతుంది. మీ పాలసీ బతికి ఉంటే సీట్లు, కార్పెట్లు, వైరింగ్ ఖర్చులో చాలావరకు వచ్చేది. వానాకాలం నీరు నిలిచే వంతెనల కింద నుంచి రోజూ వెళ్లే ఊరు మనది. ఈ ఊళ్లో కారు ఉన్నవారు ఇంజిన్ రక్షణ లేకుండా పాలసీ కొనడం నాకు అర్థం కాదు. ముందు కారు దాటిపోయిందని వెనుక మనం దిగడం తెలివి కాదు, వాళ్ల ఇంజిన్‌కు గాలి లోపలికి పీల్చే గొట్టం మన కారులోకన్నా ఎత్తులో ఉండవచ్చు. చక్రం సగం దాకా నీళ్లుంటే వెనక్కి తిరగండి. లోపలే ఆగిపోతే తాళం తీసేసి, నెట్టించి, లాగించుకుని వెళ్లండి. క్రేన్ ఖర్చు ఇంజిన్ ఖర్చు ముందు ఎంత?

బీమా లేకుండా నాలుగు నెలలు తిరిగారు. పట్టుబడితే మొదటిసారి రూ.2,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. అది చిన్న విషయం. ఆ నాలుగు నెలల్లో ఎవరికైనా మీ కారు తగిలి ఉంటే ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం మీ జీతం నుంచే కట్టాల్సి వచ్చేది. పాలసీ ముగిసి 90 రోజులు దాటడంతో నో క్లెయిమ్ బోనస్ కూడా పోయింది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపి ఉంటే సొంత నష్టం ప్రీమియంలో అది 50 శాతం తగ్గింపు. కాబట్టి ఈ నెల మిగిలే రూ.17,000లో మొదటి ఖర్చు థర్డ్ పార్టీ పాలసీ (మీ కారు వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా), అది లేకుండా కారును షెడ్డు గుమ్మం దాటించకండి. మరమ్మతు అయ్యాక తనిఖీ చేయించుకుని సమగ్ర పాలసీకి మారండి.

మరమ్మతుకు ఒక్క షెడ్డు మాట నమ్మకండి. గాజువాక ఆటోనగర్‌లో ఇంకొకరికి చూపించి, విడిభాగాల ధర, కూలీ వేర్వేరుగా రాయించుకోండి. తీసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి.

హెడ్‌లైట్ల కథ మీకు నేర్పే పాఠం ఖరీదైనదే. వస్తువు రూ.22,000, రవాణా రూ.5,500, కార్డు వాళ్ల విదేశీ మారక రుసుము జీఎస్టీతో రూ.1,100, సుంకం, కొరియర్ చార్జీలు రూ.12,400, బిగింపు రూ.3,000 అని మీ లెక్కలో ఉంది. సుంకం వస్తువు ధర మీదే పడుతుందనుకున్నారు, రవాణా, బీమా కలిపిన విలువ మీద పడుతుంది. పెట్టె మీద బహుమతి అని రాయించినా ఫలితం లేదు, బహుమతులను సుంకం లేకుండా వదిలే వెసులుబాటును 2019 డిసెంబరులో దాదాపుగా తీసేశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పేజీలో ఎల్‌హెచ్‌డీ అని రాసి ఉందని మీరే చెప్పారు. స్టీరింగ్ ఎడమవైపు ఉండే దేశాల కార్ల కోసం చేసిన లైట్లు అవి. అక్కడ రోడ్డుకు కుడివైపున నడుపుతారు కాబట్టి డిమ్ చేసినా కాంతి కుడివైపుకు మొగ్గుతుంది, మన రోడ్ల మీద అది ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. అమ్మినవాడు చెప్పినదే పంపాడు కనుక కార్డు బ్యాంకులో వివాదం పెట్టినా నిలవడం కష్టం. వెనక్కి పంపే రవాణా మీదే అవుతుంది.

మళ్లీ ఎప్పుడైనా బయటి దేశం నుంచి కొనాలనిపిస్తే, ఇక్కడ దొరకని వస్తువైతేనే కొనండి. డెబిట్ కార్డు వాడకండి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకోగలవు, అందుకే కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని కొనేటప్పుడు మాత్రమే తెరిచి, వెంటనే మూసేయండి. బ్రేకులు, టైర్లు, లైట్లు, ఎయిర్‌బ్యాగుల వంటి భద్రతా భాగాలను ఎంత చవకైనా అలా తెప్పించవద్దు.

కారుకు కావలసింది కొత్త లైట్లు కాదు, నెలకు రూ.3,000. ప్రీమియం, ఏడాదికి రెండు సర్వీసులు, నాలుగేళ్లకోసారి టైర్లు, బ్యాటరీ, చిల్లర మరమ్మతులు అన్నీ కలిపి మీలాంటి కారుకు ఏటా రూ.36,000 వేసుకోవాలి. ఇవేవీ హఠాత్తుగా రావు. ప్రీమియం తేదీ మీకు ఏడాది ముందే తెలుసు. దానికి అత్యవసర నిధి తాకకూడదు, ఈ రూ.3,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పోవాలి. ఎఫ్‌డీ అప్పు వాయిదా రూ.10,000, కారుకు రూ.3,000 పోగా మిగిలే రూ.4,000 నిధిలో వేయండి.

సముద్రపు గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డు వైపు రోజూ వెళ్లే కారుకు పైన మెరుగు పెట్టించడం కన్నా, పదిహేను రోజులకోసారి అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించడం ముఖ్యం. పోర్టు వైపు నల్లదుమ్ము పడే చోట ఉండేవారు దాన్ని పొడి గుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే వాన రోడ్డు మీద బ్రేకు మీ మాట వినదు.

పాత హెడ్‌లైట్లు మెకానిక్ దగ్గరే ఉన్నాయని రాశారు. ఎవరికైనా అమ్మేయకముందే వెళ్లి తెచ్చుకోండి. ఇంజిన్ పని జరుగుతున్నప్పుడే వాటిని తిరిగి పెట్టించి, కోసిన వైరింగ్ ఎలా ఉందో దగ్గరుండి చూడండి.