సైగలు మాన్పిస్తే రాత బాగుపడుతుందా?

ప్రశ్న: ఎనిమిదేళ్ల మా అబ్బాయికి పుట్టుకతోనే వినపడదు. సైగ భాషలో ఎంత పెద్ద సంగతినైనా వివరంగా చెబుతాడు గానీ, రాయమంటే ‘పిల్లి బల్ల పడుకో’ అని రాస్తాడు. సైగలు మాన్పిస్తే రాత బాగుపడుతుందని బంధువులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. సైగలు మాన్పిస్తే అబ్బాయికి గట్టిగా వచ్చిన ఒక్క భాషా దెబ్బతింటుంది. 1880లో మిలాన్‌లో సమావేశమైన బధిర విద్యా మహాసభ కూడా మీ బంధువుల్లాగే ఆలోచించి, సైగలు వద్దు, నోటి మాటతోనే బోధించాలని తీర్మానించింది. ఆ తీర్మానం చేసినవారు దాదాపు అందరూ వినగలిగినవారే. అమెరికా సైగ భాషకు సొంత నిర్మాణం ఉందని 1960లో భాషావేత్త విలియం స్టోకీ నిరూపించాక గానీ పండితుల దృష్టి మారడం మొదలుకాలేదు.

వినపడే పిల్లలు అప్పటికే మాట్లాడుతున్న భాషకే అక్షరాలు నేర్చుకుంటారు. మీ అబ్బాయి మాత్రం ఎన్నడూ చెవిన పడని మరో భాషను, అక్షరాలతో పాటే నేర్చుకోవలసి వస్తోంది. సైగ భాషలో ఒక చేతిని బల్లగా ఉంచి, రెండో చేతిని దానిపై ఆనిస్తే ‘మీద’ అన్న అర్థం ఆ అమరికలోనే వచ్చేస్తుంది. తెలుగులో దానికి విడిగా ఒక మాట కావాలి, క్రియకు కాలాన్నీ కర్తనూ సూచించే ప్రత్యయాలూ కావాలి. మీరు చూపిన వాక్యంలో లోపించినవి సరిగ్గా అవే. పరభాష నేర్చుకునే ఎవరైనా తడబడేదీ అక్కడే కనుక, దీన్ని తెలివితక్కువతనంగా భావించకండి.

రాయించే ముందు విషయాన్ని సైగలలో పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తరువాత అదే సంగతిని ఇద్దరూ కలిసి కాగితం మీద పెడుతూ, సైగలో చేతి అమరిక చెప్పినదాన్ని రాతలో ఏ మాట చెబుతోందో చూపించండి. కొత్త పదం వచ్చినప్పుడు ముందు సైగ, వెంటనే వేళ్లతో ఒక్కొక్క అక్షరం, ఆపైన అచ్చులో ఆ పదం చూపడం బధిర పాఠశాలల ఉపాధ్యాయులు అనుసరించే మంచి పద్ధతి. చూచిరాతతో దస్తూరి కుదురుతుందే తప్ప వాక్యం కుదరదు. దానికి బదులు మీ ఇద్దరికీ ఒక ఉత్తరాల పుస్తకం పెట్టుకోండి. అతడు ‘పిల్లి బల్ల పడుకో’ అని రాస్తే దిద్దకుండా, ‘అవునా, పిల్లి బల్ల మీద పడుకుందా? ఎంతసేపు పడుకుంది?’ అని కింద రాయండి. సరైన రూపం కళ్లబడుతుంది, జవాబు రాయవలసిన అవసరమూ కలుగుతుంది. ఇవన్నీ సాగాలంటే మీకూ సైగ భాష బాగా రావాలి. రాకపోతే అబ్బాయి రాత కన్నా ముందు దాని సంగతి చూడండి.