పీఠభూమి మీద కొండలెందుకున్నాయి?

ప్రశ్న: హైదరాబాదు దక్కను పీఠభూమి మీద ఉందని పాఠంలో చదివిన మా అబ్బాయి, "పీఠభూమి అంటే చదునైన నేల కదా, మరి బంజారాహిల్స్ ఎక్కేటప్పుడు బస్సెందుకు మూలుగుతుంది?" అని అడిగాడు. ఏం చెప్పాలి? మెట్ట అన్నా పీఠభూమి అన్నా ఒకటేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: మీ ఇంట్లో పీట ఉంటే ముందు దాన్ని చూపించండి. సంస్కృతంలోని 'పీఠం' తెలుగులో 'పీట' అయింది. నేలకన్న కాస్త ఎత్తుగా, పైభాగం చదునుగా, అంచున దిగుడుగా ఉండే ఆ పీటలాంటి నేలే పీఠభూమి. మైదానమూ చదునైనదే కాని, దానికి ఈ ఎత్తూ అంచూ ఉండవు.

అయితే ఈ చదును వీధుల లెక్కన కాక, వందల కిలోమీటర్ల లెక్కన చూడవలసినది. హైదరాబాదు నేల సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఆ ఎత్తున పరచుకొన్న నేలమీద, చుట్టూ ఉన్నది అరిగిపోగా మిగిలిన గ్రానైట్ గుట్టలే బంజారాహిల్స్ వంటివి. సుమారు 120 మీటర్ల గోల్కొండ గుట్ట కూడా ఆ కోవలోదే. పీటమీద నిమ్మకాయలు పెట్టినంత మాత్రాన పీట కొండ కాదు గదా! బస్సు మూలిగేది నిమ్మకాయ ఎక్కడానికి.

పీట సమంగా వేసినదీ కాదు. పడమటివైపు కాస్త ఎత్తి పెట్టినట్లుంటుంది. అందుకే అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలోనే త్ర్యంబకం దగ్గర పుట్టిన గోదావరి, ఆ దగ్గరి దారి వదిలి, 1,465 కిలోమీటర్లు తూర్పుగా నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. మన మూసీ సైతం వికారాబాద్ వైపున్న అనంతగిరి కొండల్లో పుట్టి, నగరం గుండా తూర్పుకు సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఇక మెట్ట. మెరక నేల అన్న అర్థం దానికీ ఉన్నది కాని, వాడుకలో అది రైతుమాట: కాలువ నీరందక వానమీద ఆధారపడే పొలం మెట్ట. గోదావరి జిల్లాలలో డెల్టాకు ఎదురుమాటగా మెట్ట ప్రాంతం అనేది ఈ అర్థంలోనే. పీఠభూమి మీద చెరువు కింద వరి పండే మాగాణి ఉండవచ్చు, పీఠభూమి కాని చోట మెట్ట ఉండవచ్చు. కనుక రెండూ ఒకటి కావు.

మీరు అడగకపోయినా ఒక మాట. ధరలు పెరిగి పెరిగి ఒకచోట ఆగితే 'పీఠభూమికి చేరాయి' అని కొందరు రాస్తున్నారు. అది ఇంగ్లీషు పలుకుబడికి వేసిన తెలుగు చొక్కా. ధరలు నిలకడగా ఉన్నాయంటే చాలు.