తాళం వేసిన ఇంట్లో సెప్టిక్ ట్యాంక్ మీద ఓ కన్నేసి ఉంచడం

మీరు హైదరాబాద్‌లో, ఇల్లేమో అమలాపురం దగ్గర, వానాకాలంలో ట్యాంక్ పొంగి బాత్రూంలోకి ఎగదన్నుతుందేమోనని మీ టెన్షన్, అంతే కదండీ? కెమెరా పెట్టాలనే ఆలోచన మానేయండి, మూత కింద జరిగేది దానికేం కనపడుతుంది.

ఫ్లోట్ స్విచ్ చాలు, అంటే నీళ్లు పెరిగితే తేలి పైకి లేచి ఆన్ అయ్యే స్విచ్. ట్యాంక్‌లో నీళ్లు మామూలుగా బయటికి పోయే పైపు అడుగు మట్టం దగ్గరే నిలుస్తాయి, కాబట్టి దానికి రెండు మూడు అంగుళాల పైన ఫ్లోట్ వేలాడదీసి, సిమ్ వేసే అలారం డబ్బాకి కలిపితే మట్టం పెరగ్గానే ఫోన్ వస్తుంది. డబ్బా మాత్రం ట్యాంక్ బయటే ఉండాలి, లోపలి గ్యాస్ రాగి తీగల్ని తినేస్తుంది. బ్యాటరీ ఉన్నదే కొనండి, గాలివానకి ముందు పోయేది కరెంటే.

ఎవరూ లేని ఇంట్లో మట్టం పెరిగిందంటే ఫ్లష్ అయినా కారుతుండాలి, లేదా ఇంకుడు గుంత నిండి భూమిలో నీళ్లు వెనక్కి వస్తుండాలి. మోటారు, మేడ మీది నీళ్ల ట్యాంక్ వాల్వు కట్టేసి వెళితే మొదటిదానికి అవకాశం ఉండదు. రెండోది మన డెల్టాలో మామూలే, కాలువల్లో నీళ్లున్నన్నాళ్లూ నేల తడిగానే ఉంటుంది.

అలారం మోగిందని కంగారుపడి వానల్లో ట్యాంకర్‌ని పిలిచి మొత్తం తోడించకండి, ప్లాస్టిక్ ట్యాంకైతే కింది నీటి ఒత్తిడికి పైకి లేచిపోతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో తీయించండి. పక్కింటివాళ్లని మూత తీసి తొంగిచూడమనొద్దు, ఆ గ్యాస్ ప్రాణం తీస్తుంది.