చలికాలంలో గిటార్‌కి తేమ పెట్టాలా, తీయాలా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి బైరాగిపట్టెడ. పోయిన వేసవిలో ఇరవై రెండు వేలు పెట్టి సాలిడ్ టాప్ (పైచెక్క ప్లైవుడ్ కాకుండా అసలు చెక్కతో చేసిన) అకౌస్టిక్ గిటార్ కొన్నాను. చలికాలంలో గాలి పొడిబారి గిటార్లు పగిలిపోతాయని వీడియోల్లో చూసి, టెన్షన్ పడి, నవంబరు మొదట్లోనే హ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ పెంచే మిషన్) తెచ్చి రోజూ రాత్రి గదిలో పెడుతున్నాను. ఇప్పుడేమో తీగలు ముందుకన్నా ఎత్తుగా లేచాయి, బార్ కార్డ్ (ఒకే వేలితో తీగలన్నీ నొక్కేది) పట్టాలంటే చూపుడువేలు నొప్పి పుడుతోంది, శబ్దం కూడా మూగబోయినట్టుంది. తేమ ఇంకా పెంచాలా?

జవాబు: ముందు లేచి వెళ్ళి ఆ మిషన్ ఆపేసి రండి, మిగతాది తర్వాత చదువుదురు గానీ.

కపిలతీర్థంలో జలపాతం దూకుతుంటే జనం సెల్ఫీలకి ఎగబడే రోజుల్లో మీరు గదిలో ఆవిరి పెట్టారు తమ్ముడూ! ఆ వీడియోల్లో తప్పేమీ లేదు, కాకపోతే అవి మన ఊరి కోసం తీసినవి కావు. అమెరికాలో, కెనడాలో చలికాలమంటే బయట గడ్డకట్టే చలి, లోపల రాత్రింబవళ్ళు హీటరు. సున్నా డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి ఇంట్లోకొచ్చి 22 డిగ్రీలకి వేడెక్కితే, అందులో నీరు అంతే ఉన్నా, తేమ 20 శాతం చుట్టుపక్కలకి పడిపోతుంది. ఎందుకంటే వేడిగాలికి నీళ్ళు పట్టుకునే శక్తి ఎక్కువ, ఉన్న నీళ్ళు దానికి చాలవు, ఆ లోటు చెక్కలోంచి లాక్కుంటుంది. వాళ్ళ గిటార్లు పగిలేది అందుకు. మనకి చలికాలమంటే ముసురు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో ఏ అల్పపీడనం పట్టినా నాలుగు రోజులు ఆరవేసిన బట్టలు ఆరవు. మన దగ్గర గిటార్ ఎండిపోయే ప్రమాదమంటూ ఉంటే అది ఏప్రిల్, మే నెలల్లో, వడగాలి కొట్టే మధ్యాహ్నాల్లో. ఆ మిషన్ అప్పటికి దాచుకోండి, అదీ తేమ కొలిచే మీటరు చూసుకున్నాకే.

మీ గిటార్‌కి జరిగింది ఏమిటంటే, పైచెక్క మందం మహా అయితే మూడు మిల్లీమీటర్లు, అది తేమ తాగితే చెక్క గీతల పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అంచులు అతికించేసి ఉన్నాయి కాబట్టి పక్కకి పోవడానికి దారి లేక పైకి ఉబ్బుతుంది, దాంతోపాటు బ్రిడ్జి (పైచెక్క మీద తీగలు బిగించే చెక్కముక్క), దాంతోపాటు తీగలు. తీగల ఎత్తు చూసి మెడలోపల ఉండే కడ్డీని, అదే ట్రస్ రాడ్‌ని, తిప్పేస్తారేమో, దాని జోలికి పోవద్దు. అది మెడ వంపు సరిచేసేది, పొట్ట ఉబ్బుకి దానితో పని లేదు. ఇప్పుడు తిప్పి, చెక్క ఆరాక మళ్ళీ వెనక్కి తిప్పి, ఈ సీజన్ అంతా అదే పని అవుతుంది. ఇంకోమాట, కొద్దిపాటి ఉబ్బు చాలా గిటార్లకి తయారీలోనే పెడతారు, ఫోన్ లైటు పెట్టి చూసి కంగారు పడకండి.

చూడాల్సింది బ్రిడ్జి వెనక అంచు. ఒక విజిటింగ్ కార్డు తీసుకుని ఆ అంచు కింద దూర్చండి. దూరకపోతే బతికిపోయారు. నాది దూరింది. 2021 నవంబరు వరదల్లో మా వీధిలో నీళ్ళు నిలిచాయి, ఇంట్లోకి రాలేదు కదా అని నేను ధీమాగా ఉన్నాను, గిటార్ మంచం కింద కేసులో ఉంది. మూడు వారాల తర్వాత కేసు తెరిస్తే ముందు వాసన కొట్టింది, తడి గోనెసంచి వాసన. మెడ వెనక అంతా బూడిదరంగు బూజు, కార్డు బ్రిడ్జి కిందికి వేలెడంత లోపలికి వెళ్ళిపోయింది. బూజు తుడిస్తే పోయింది గానీ, బ్రిడ్జి ఊడదీసి మళ్ళీ అతికించడానికి చెన్నై పంపాల్సి వచ్చింది. మీకు కూడా కార్డు దూరితే తీగలు పూర్తిగా వదులు చేసి, రిపేరు తెలిసినవాళ్ళకి చూపించండి, ఫెవిక్విక్ మాత్రం వద్దు.

ఇక గది సంగతి. నాలుగైదు వందలకి డిజిటల్ హైగ్రోమీటర్, అదే తేమ మీటరు, దొరుకుతుంది, అది లేకుండా మీరు ఏం చేసినా గుడ్డిగా చేసినట్టే. కొన్నాక దాన్ని కూడా నమ్మేయకండి. ఒక సీసామూత నిండా ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీళ్ళతో ముద్దలా తడిపి (ఉప్పు కరిగిపోకూడదు), మీటరుతోపాటు జిప్ కవర్‌లో పెట్టి ఓ రాత్రంతా వదిలేయండి. తెల్లారి 75 చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు ఐదు తక్కువ చెప్తోందని రాసిపెట్టుకోండి. గిటార్‌కి 45 నుంచి 55 శాతం బంగారం, 40, 60 మధ్య ఉన్నా భయం లేదు. ముసురు రోజుల్లో మీ గదిలో 80 దాటి చూపించినా నేను ఆశ్చర్యపోను.

దించడానికి ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో రోజుకి రెండు గంటలు పెట్టండి, డిసెంబరులో ఏసీ ఏమిట్రా అని ఇంట్లో తిడతారు, చెప్పి ఒప్పించండి. తడి బట్టలు ఆ గదిలో ఆరేస్తున్నారా? ముందు ఆ తాడు విప్పేయండి, ఒక బకెట్ బట్టల్లో ఉన్న నీళ్ళన్నీ చివరికి గాల్లోకే కదా పోయేది. ఫ్యాన్ తేమ తగ్గించదు, బూజుని కాస్త ఆపుతుంది అంతే. వాన తగిలే బయటిగోడకి గిటార్ తగిలించొద్దు. వాయించనప్పుడు కేసులో పెట్టి, గుడ్డసంచిలో రెండొందల గ్రాముల సిలికా జెల్ వేసి ఉంచండి. నారింజ రంగుది కొనండి, ఆకుపచ్చగా మారితే ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. నీలం రంగుదాంట్లో కోబాల్ట్ ఉంటుంది, తిండి వండే చోటికి అది వద్దు. మీటరు కూడా కేసులోనే పెట్టి, 50కి దిగాక సంచి తీసేయండి. ఒక్కరోజులో దించాలని చూడొద్దు, ఇన్నాళ్ళు తేమ తాగిన చెక్కని రెండు మూడు వారాల్లో మెల్లగా ఆరనివ్వాలి.

ప్రశ్న: కేసులో గుప్పెడు బియ్యం మూటకట్టి పెడితే చాలంటారు, నిజమేనా? అలమారాలో బల్బు వెలిగించి పెట్టొచ్చా? (చిత్తూరు నుంచి)

జవాబు: బియ్యం వల్ల పురుగులు వస్తాయి, తేమ పోదు. బల్బు లెక్క సరైనదే. 25 డిగ్రీల దగ్గర 85 శాతం ఉన్న గాలి 30 డిగ్రీలకి వేడెక్కితే 65 దగ్గరికి దిగుతుంది. కానీ చెక్క అలమారా, బట్టలు, పాత వైరు, ఇంట్లో ఎవరూ లేని సమయం, ఇవన్నీ కలిస్తే గిటార్‌తోపాటు ఇల్లు కూడా పోతుంది. వద్దు.

ఇంతకీ (చిత్తూరు వారికే చెప్తున్నా) మీ గిటార్ ఏ రకమో రాయలేదు. సౌండ్ హోల్ (తీగల కింద ఉండే గుండ్రటి రంధ్రం) అంచు దగ్గరగా చూడండి, పైన కనపడే గీతలు అంచు మందంలోకి కూడా దిగితే అది సాలిడ్ చెక్క, పొరలు పొరలుగా కనపడితే ప్లైవుడ్. ప్లైవుడ్ అయితే ఇంత హైరానా అక్కర్లేదు, తీగలు తుప్పు పట్టకుండా వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ప్రశ్న: మా అమ్మాయి జనవరిలో ఎం.ఎస్. కోసం చికాగో వెళ్తోంది. గిటార్ వెంట తీసుకెళ్తానంటోంది. ఏం జాగ్రత్తలు చెప్పాలి? (తిరుచానూరు నుంచి ఒక తల్లి)

జవాబు: అమ్మా, పైన ఆ అబ్బాయికి చెప్పినదంతా మీ అమ్మాయికి తిరగేసి చెప్పండి. అక్కడ జనవరిలో హీటరు వేసిన గదిలో తేమ 20, 25కి పడిపోతుంది, తిరుపతి ముసురులో తడిసిన చెక్క వారంలో ఆ గాలిలో పడితే పగులుతుంది. ముందుగా కనపడేది ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు) చివర్లు. మెడ అంచున చెయ్యి జారిస్తే రంపంలా గీరుకుంటాయి, తీగలు కిందికి దిగి జరజరమంటాయి. ఆ రెండిట్లో ఏది కనపడినా ఆలస్యం చేయొద్దు.

దిగిన రోజు కేసు వెంటనే తెరవొద్దు, చలిలోంచి వచ్చిన గిటార్ మూత వేసి ఉండగానే గది వేడికి రావాలి, ఐదారు గంటలు ఆగమనండి. లేకపోతే పాలిష్ మీద సన్నటి పగుళ్ళు వస్తాయి. ఆ తర్వాత కేసే దాని ఇల్లు. హాస్టల్ గదంతా తడపడం ఆ పిల్ల వల్ల కాదు, కేసులో తడపడం తేలిక. ఒక ప్లాస్టిక్ సబ్బుపెట్టెకి పది చిల్లులు పెట్టి, అందులో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క పెట్టి, మెడ పక్కన ఖాళీలో ఉంచాలి. బొట్టు కూడా కారకూడదు. మీటరు 40 కిందికి దిగినప్పుడల్లా మళ్ళీ తడపాలి, మొదట్లో రెండు మూడు రోజులకోసారి పడుతుంది. హీటరు పక్కన మాత్రం ఎప్పుడూ ఆనించొద్దనండి. సబ్బుపెట్టె ఇక్కడే కొని చిల్లులు పెట్టి పంపండి, అక్కడికెళ్ళాక ఆ పిల్ల చదువు హడావుడిలో పెట్టదు.