డిస్ట్రిక్ట్ లీడర్ అయిన మేనల్లుడికి

చిరంజీవి బాబీకి మావయ్య ఆశీస్సులు.

మన లాటర్-డే సెయింట్స్ (మోర్మన్) చర్చి మిషన్‌లో నువ్వు డిస్ట్రిక్ట్ లీడర్‌వి, అంటే కొన్ని మిషనరీ జోడీలకి పెద్దవి, అయ్యావన్న కబురు నా దాకా వచ్చేసరికే మీ అమ్మ సగం వార్డుకి, అంటే మన సంఘంలో సగం మందికి, చెప్పేసింది. ఇంగ్లండ్ వెళ్ళి ఏడాది తిరగలేదు, ఇరవై ఏళ్ళు నిండలేదు, అప్పుడే తోటి మిషనరీల బాగోగులు నీ చేతిలో పెట్టారంటే నాకూ గర్వంగానే ఉంది, కాదనను. కానీ నీ సోమవారం ఈమెయిల్ చివర్లో ఒక ముక్క రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. "ఈ ట్రాన్స్‌ఫర్‌లో బాప్తిస్మాల్లో మా డిస్ట్రిక్ట్‌ని జోన్‌లో ఫస్ట్ నిలబెడతాను మావయ్యా" అన్నావు. ట్రాన్స్‌ఫర్ అంటే ఆరు వారాల విడత, జోన్ అంటే కొన్ని డిస్ట్రిక్ట్‌లు కలిసినది. ఇంకా ఎవరి తలుపూ తట్టకముందే ఆరు వారాల తర్వాత ఎంతమంది నీళ్ళలోకి దిగాలో తేల్చేశావన్నమాట. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. పొద్దున్న అందరికంటే ముందు నువ్వు లేవాలి. కంపానియన్, అంటే నీతో జోడీగా ఉండే మిషనరీ, నీ కంటికి, చెవికి అందే దూరంలోనే ఉండాలి, లీడర్‌వని సడలింపు ఏమీ లేదు. డిస్ట్రిక్ట్ కౌన్సిల్ టైముకి మొదలుపెట్టు, టైముకి వదిలెయ్. వార్డు మిషన్ లీడర్‌ని వారానికోసారి కలువు. సిస్టర్లతో, అంటే ఆడ మిషనరీలతో, ఎక్స్‌ఛేంజ్‌లు (ఒక రోజు జోడీలు మార్చుకుని పనిచేయడం) నీ పని కాదు, 2013 నుంచి వాటికి సిస్టర్ ట్రైనింగ్ లీడర్లు ఉన్నారు. ఏరియా దాటడానికి అనుమతివ్వడం, కంపానియన్లని మార్చడం, ఎవరైనా పెద్ద తప్పు చేశామని చెప్పుకుంటే తీర్పు చెప్పడం, ఇవేవీ నీ చేతిలో లేవు. అవి నేరుగా మిషన్ ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్తాయి. ఒక్కొక్కరూ ఆయనకి ప్రతి వారం రాసే ఉత్తరంలో ఏం రాశారని అడగకు. పొరపాటున కూడా అడగకు.

ఇక రాత్రి ఫోన్ల సంగతి. నువ్వు జోడీలకి ఫోన్ చేసినప్పుడు మొదట ఏం అడుగుతావో రెండు మూడు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. "ఎన్ని లెసన్లు, ఎంతమందికి డేట్ ఇచ్చారు?" అని మొదలుపెట్టావనుకో, నాలుగో రోజుకి వాళ్ళ దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. బస్‌స్టాప్‌లో రెండు నిమిషాలు మాట్లాడింది లెసన్ అయిపోతుంది. మర్యాదకి తల ఊపినవాడు బాప్తిస్మానికి డేట్ ఒప్పుకున్నవాడైపోతాడు. వాళ్ళు అబద్ధాలకోరులు కారురా. పద్దెనిమిదేళ్ళ పిల్లాడు రోజంతా చలిలో తిరిగి, రాత్రి ఫోన్లో "సున్నా" అని చెప్పలేక, ఉన్నదాన్ని కాస్త సాగదీస్తాడు. నువ్వు ఆ లెక్కని జోన్ లీడర్లకి ఇస్తావు, వాళ్ళు అసిస్టెంట్లకి ఇస్తారు, చివరికి మిషన్ ప్రెసిడెంట్ బల్ల మీదికి చేరేసరికి అది నిజమైపోతుంది. దాన్ని పట్టుకుని ఆయన వచ్చే నెల నిర్ణయాలు చేస్తాడు.

అసలు ఇప్పుడు అంకెలన్నీ యాప్‌లోనే ఉంటాయి కదా, ఫోన్లో అడగాల్సిన అవసరమే లేదు. సాల్ట్‌లేక్‌లోని మన చర్చి ప్రధాన కార్యాలయం వాళ్ళే 2017లో మిషనరీలు లెక్క చెప్పాల్సిన తొమ్మిది సూచికలని నాలుగుకి తగ్గించారు. పైవాళ్ళు తగ్గించిన బరువుని కింద ఉన్న నువ్వు మళ్ళీ ఎత్తకు. ఫోన్ చేస్తే ఒక మనిషి పేరుతో మొదలుపెట్టు. "ఆ నర్సు ఆదివారం డ్యూటీ మార్చుకోగలిగిందా?" అని అడుగు. నువ్వు ఎవరి గురించి అడుగుతావో వాళ్ళ దగ్గరికే మర్నాడు జోడీ వెళ్తుంది.

నా భయం ఊరికే కలిగింది కాదు. నువ్వు తిరుగుతున్న ఆ దేశంలోనే ఒకప్పుడు జరిగిన సంగతి ఇది. కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

1958లో లండన్ దేవాలయం ప్రతిష్ఠ అయింది. 1960 మార్చిలో మాంచెస్టర్‌లో బ్రిటన్ మొదటి స్టేక్, అంటే కొన్ని వార్డులు కలిసిన పెద్ద సంఘం, పెట్టారు. అందరిలో ఉత్సాహం ఉరకలేస్తున్న రోజులు. పైన చర్చి అధ్యక్షవర్గంలోని హెన్రీ మోయిల్ లాంటి పెద్దలు మిషన్లు వేగంగా పెరగాలని పట్టుపట్టారు. మిషన్ ప్రెసిడెంట్లు జోన్లకి లక్ష్యాలు పెట్టారు, జోన్లు డిస్ట్రిక్ట్‌లకి పెట్టాయి. కిందికి వచ్చేకొద్దీ "ఎందుకు" అన్నది రాలిపోయి "ఎంత" ఒక్కటే మిగిలింది. పెద్దవాళ్ళకి నేర్పాలంటే నెలలు పడుతుంది. పిల్లలైతే త్వరగా వస్తారు. క్రికెట్ పుట్టిన దేశంలో బేస్‌బాల్ జట్లు కట్టారు, అది అమెరికా కుర్రాళ్ళకి తెలిసిన ఆట మరి! జట్టులో చేరాలంటే బాప్తిస్మం తీసుకోవాలన్నారు. పన్నెండేళ్ళ పిల్లాడికి బంతి, బ్యాట్ కనిపిస్తున్నాయి, మిగతాది పెద్దవాళ్ళు చెప్పే ఏదో తంతు. క్లబ్బులో చేర్చే కాగితం అనుకుని సంతకం పెట్టిన తల్లిదండ్రులూ ఉన్నారు.

కొన్ని నెలల పాటు రిపోర్టులు వెలిగిపోయాయి. ఆ తర్వాత జట్లు చెదిరిపోయాయి, పిల్లలు ఆదివారం రావడం మానేశారు. కానీ పేర్లు మాత్రం రికార్డుల్లో ఉండిపోయాయి. చిన్న సంఘాలైన బ్రాంచిల్లోని స్థానిక పెద్దలు, పగలంతా ఉద్యోగాలు చేసుకునే సామాన్యులు, ఆ జాబితాలు పట్టుకుని సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగారు. తలుపు తీసిన తల్లికి తన కొడుకు ఈ చర్చి సభ్యుడని తెలియదు. ఎన్నో పేర్లు చివరికి తీసెయ్యాల్సి వచ్చింది. ఆ కాలానికి "బేస్‌బాల్ బాప్తిస్మాలు" అన్న పేరు స్థిరపడిపోయింది. మన చర్చి చరిత్ర రాసినవాళ్ళు దాన్ని దాచలేదు, నువ్వూ తెలుసుకోవాలి.

ఇందులో నాకు బాధ కలిగించేది ఆ కుర్ర మిషనరీల సంగతి. వాళ్ళలో చాలామంది ఇల్లూ చదువూ వదిలేసి దేవుడి పని అని వచ్చినవాళ్ళే. ఎక్కువ తెచ్చినవాడికి మీటింగుల్లో చప్పట్లు, తక్కువ తెచ్చినవాడికి మౌనం. పైవాడు ఏది మెచ్చుకుంటే కిందివాడు దాన్నే తెస్తాడు. 1962లో మారియన్ హాంక్స్ బ్రిటిష్ మిషన్‌కి ప్రెసిడెంట్‌గా వచ్చాడు. పరుగు ఆపి, మిషనరీలని కూర్చోబెట్టి మోర్మన్ గ్రంథం చదివించాడు. అప్పుడు అక్కడ కంపానియన్లుగా ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు, జెఫ్రీ హాలండ్, క్వెంటిన్ కుక్, తర్వాత ఇద్దరూ అపొస్తలులయ్యారు. ఆయన దగ్గర నేర్చుకున్నది తమని మార్చిందని వాళ్ళే చెప్పారు. దేశం మారలేదు, వాన మారలేదు, తలుపులు మారలేదు. మారింది ప్రెసిడెంట్ ఒక్కడే.

ఇప్పుడు నీ చేతిలో నిజంగా ఉన్న అధికారం గురించి. బాప్తిస్మపు ఇంటర్వ్యూ నువ్వు చేస్తావు. నేర్పినవాళ్ళు కాకుండా వేరేవాడు చేయాలన్న నియమం ఎందుకు పెట్టారో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. వాళ్ళ ఉత్సాహానికి నువ్వు అడ్డుకట్ట. జోన్‌లో ఫస్ట్ రావాలని పందెం కట్టుకున్నవాడే ఆ కుర్చీలో కూర్చుంటే ఇక అడ్డుకట్ట ఎక్కడ?

విడిగా గదిలో కూర్చోండి, పక్క గదిలో ఎవరో ఒకరు ఉండేలా చూసుకో. ఎదుటి మనిషి తోడు కావాలంటే తోడు కూర్చోనివ్వు. ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు చదువు, జవాబు నువ్వు అందించకు. "అవును" అని ఊరుకుంటే "మీ మాటల్లో చెప్పండి" అను. మన చర్చిలో మానుకోవాల్సిన టీ, కాఫీ, మందు, సిగరెట్ దగ్గర తొందరపడకు. ఇంగ్లండ్‌లో టీ మానడమంటే మన గోదావరి జిల్లాల్లో అన్నం మానమన్నట్టు, ఎప్పటి నుంచి మానారో నెమ్మదిగా కనుక్కో. దశమభాగం అంటే ఏమిటో తెలుసా? ఆదివారం సభకి పలుమార్లు వచ్చారా, వార్డులో ఒక్కరినైనా పేరు పెట్టి పిలవగలరా? పాత నేరం మాట, గర్భస్రావం మాట, ప్రొబేషన్ మాట వస్తే అక్కడే ఆపెయ్. వివరాలు తవ్వకు. ప్రెసిడెంట్ మాట్లాడతారని మర్యాదగా చెప్పు. మైనర్ అయితే తల్లిదండ్రులతో నువ్వే స్వయంగా మాట్లాడు, ఎవరో తెచ్చిన సంతకం చూసి సరిపెట్టుకోకు. పైన చెప్పిన కథంతా ఆ ఒక్క సంతకం దగ్గరే మొదలైంది.

"ఇంకా సిద్ధంగా లేరు" అని నువ్వు చెప్పాల్సిన రోజు వస్తుంది. శనివారం నీళ్ళు నింపి, కేకు కూడా తెచ్చి ఉంటారు. నేర్పిన మిషనరీ మొహం చిన్నబోతుంది. అయినా చెప్పు. ముందు ఆ మనిషికి, సిగ్గుపడకుండా ఉండేలా. తర్వాత మిషనరీలకి, అదీ వేరుగా. ఆ కేకు నలుగురూ కలిసి తినండి.

ఇంకొకటి, ఇది మన మిషన్లలో బాగా పాతుకుపోయిన మాట: "నియమాలు తు.చ. తప్పక పాటిస్తే బాప్తిస్మాలు వస్తాయి." వినడానికి బాగుంటుంది. మీటింగులో నువ్వు ఆ మాట అన్నాక, నాలుగు నెలలుగా ఒక్క బాప్తిస్మం కూడా లేని కుర్రాడు ఇంటికి వెళ్ళి ఏమనుకుంటాడో ఆలోచించు. నాలో ఏదో పాపం ఉంది, అందుకే రావట్లేదు అనుకుంటాడు. ఉపవాసాలు పెంచుతాడు, నిద్ర తగ్గిస్తాడు, మోకాళ్ళ మీద గంటలు గడుపుతాడు, చిన్న తప్పులని రోజూ లెక్కపెడతాడు. పక్కనున్నవాడు అది భక్తి అనుకుంటాడు. అది జబ్బు కూడా కావచ్చు. ఇంకో రకం కుర్రాడు ఉంటాడు, ఆ మాట విని "ఇదంతా ఉత్తిదే" అనుకుని నియమాలు మొత్తం వదిలేస్తాడు. ఒకే ప్రసంగం ఇద్దరినీ పాడుచేస్తుంది. నియమం ఎందుకుందో చెప్పు, దానికి ఫలితం అంటగట్టకు.

ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్ళినప్పుడు వాళ్ళ ఫ్లాట్‌కే వెళ్ళు, వాళ్ళని నీ దగ్గరికి పిలిపించుకోకు. ఇరవై నాలుగు గంటలు ఉంటావు కదా, కళ్ళు తెరిచి ఉంచు. ఫ్రిజ్‌లో ఏముంది? సింకులో గిన్నెలు ఎన్ని రోజులవి? ఫోన్ ఎప్పుడూ ఒకడి జేబులోనే ఉంటోందా? ఇద్దరూ ప్లానింగ్ చేస్తున్నప్పుడు జూనియర్ నోరు విప్పుతున్నాడా, లేక సీనియర్ రాసిందానికి తల ఊపుతున్నాడా? మిషన్‌లో నాకు అన్నిటికంటే భయం గొలిపేది మాట్లాడని జూనియరే. గొడవ పడేవాడితో చిక్కు లేదు, వాడి గొడవ బయటికే వస్తుంది. కొత్తగా వచ్చిన జూనియర్ తన ట్రైనర్ దగ్గర గడిపే మొదటి పన్నెండు వారాల్లో ఏది చూస్తాడో అదే మిషన్ అనుకుంటాడు. సీనియర్ తొమ్మిదింటి దాకా పడుకుంటే వాడూ పడుకుంటాడు, ఎవరికీ చెప్పడు, చెప్తే ద్రోహం అనుకుంటాడు. పగలు నడుస్తూ ఉండగా, ఎదురుగా కూర్చోకుండా అడుగు: "నిద్ర పడుతోందా? ఇంటికి ఫోన్ చేస్తున్నావా?" మా కాలంలో క్రిస్మస్‌కి, మదర్స్ డేకి తప్ప ఇంటికి ఫోన్ లేదు, 2019 నుంచి వారం వారం చేసుకోవచ్చు. వరసగా రెండు వారాలు చెయ్యనివాడి మీద కన్నేసి ఉంచు. ఒంట్లో బాగాలేదంటే, మనసు బాగాలేదంటే, అదే రోజు ప్రెసిడెంట్‌కి లేదా ఆయన భార్యకి ఫోన్ చెయ్యి. ముందుగా ఇంటికి వెళ్ళిపోతే పరువు పోతుందని వాడు ఏడిస్తే, పరువు సంగతి మా స్టేక్‌లో పెద్దవాళ్ళం చూసుకుంటామని నా మాటగా చెప్పు. వాడు ఏ దేశం వాడైనా సరే.

చివరిది కాస్త ఘాటుగానే అంటాను. ట్రైనర్, డిస్ట్రిక్ట్ లీడర్, జోన్ లీడర్, అసిస్టెంట్ అని మీరంతా నిచ్చెన కట్టుకుని కూర్చుంటారు. నువ్వు ఎంసెట్ ర్యాంకులు పేపర్లో ఫోటోలేసే ఊరి నుంచి వెళ్ళినవాడివి, నీకు ఆ పిచ్చి ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. 1839లో లిబర్టీ జైలు నుంచి మన చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ రాయించిన మాటలు ఈ రాత్రే తెరిచి చూడు. కాస్త అధికారం దొరికిందనుకోగానే దాదాపు అందరూ పెత్తనం మొదలుపెడతారని ఆయన చెప్పింది నీలాంటి వాళ్ళ గురించే, నాలాంటి వాళ్ళ గురించే. వచ్చే ట్రాన్స్‌ఫర్‌లో నిన్ను లీడర్‌గా తీసేసి మామూలు సీనియర్‌గా వేరే ఊరు పంపినా అది శిక్ష కాదు. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను. "మావాడు జోన్ లీడర్ ఎప్పుడవుతాడు?" అని వీడియో కాల్‌లో నిన్ను అడగొద్దని ఇప్పటికే గట్టిగా చెప్పాను. మాట ఇచ్చింది, నిలబెట్టుకుంటుందన్న నమ్మకం మాత్రం లేదు.

వచ్చే సోమవారం రాసేటప్పుడు అంకెలు వద్దు. మాట్లాడని ఆ జూనియర్ ఎవరో నీకు ఈపాటికే తట్టి ఉంటాడు. పేరు రాయకు, వాడితో ఏం మాట్లాడావో రాయి. ఉన్ని మేజోళ్ళు, కందిపొడి పార్సెల్ వేశాను. కందిపొడి డిస్ట్రిక్ట్ అంతా పంచుకో, కారం ఎక్కువని ముందే చెప్పి పెట్టు.

మీ మావయ్య
హైదరాబాద్