డాట్సన్ 240జెడ్‌కి సోకులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే కుటుంబం కార్ల గురించి వచ్చాయి. నిస్సాన్ కంపెనీ డాట్సన్ పేరుతో అమ్మిన 70ల నాటి స్పోర్ట్స్ కారు 240జెడ్, దాని తర్వాత పుట్టిన 280జెడ్. అందుకే కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: నాది 1972 నాటి 240జెడ్. జపాన్‌లో అమ్మిన జెడ్‌జి లాగా చేయించాలని కోరిక. వెనక చక్రాల మీద రేకు కోసి ఫైబర్ ఫ్లేర్లు (చక్రాల పైన బయటికి పొడుచుకొచ్చే వంపు అంచులు) బిగిస్తే చాలని, రెండు రోజుల పనేనని షెడ్డు మేస్త్రీ అంటున్నాడు. కోయించనా?

ఇప్పుడే వద్దండీ. 1971లో నిస్సాన్ జపాన్ మార్కెట్‌కి తెచ్చిన ఫెయిర్‌లేడీ 240జెడ్‌జిని (అక్కడ ఈ కారు పేరు ఫెయిర్‌లేడీ) ఓసారి ఫొటోలో నిదానంగా చూడండి. సాగిన ముక్కు, హెడ్‌లైట్ల మీద పారదర్శకమైన మూతలు, నాలుగు చక్రాల మీదా ఓవర్ ఫెండర్లు (అంటే ఈ ఫ్లేర్లే), అన్నీ కలిస్తేనే ఆ రూపం. ఒక్క ఫ్లేర్లు బిగించి లోపల కంపెనీ ఇచ్చిన సన్న చక్రాలే ఉంచితే, అన్నయ్య చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంటుంది బండి.

అసలు చిక్కు వెనక ఉంది. ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవి, పాడైతే విప్పి వేరేవి వేసుకోవచ్చు. వెనక చక్రం చుట్టూ ఉండే రేకు, అంటే క్వార్టర్ ప్యానెల్, అలా కాదు, బాడీకి వెల్డింగ్ చేసేసి ఉంటుంది. చక్రం పైన వంపు అంచుని వేలితో తడిమితే అక్కడ రెండు రేకులు తెలుస్తాయి, ఒకటి బయట కనిపించేది, రెండోది లోపల చక్రాన్ని కప్పే గిన్నెలాంటిది, ఈ రెండిటినీ ఆ అంచు దగ్గరే స్పాట్ వెల్డింగ్‌తో కలిపారు. మీ మేస్త్రీ కోస్తానంటున్నది సరిగ్గా ఆ అతుకునే. కోశాక మధ్యలో సందు పడుతుంది, టైరు చిమ్మే నీళ్లూ బురదా నేరుగా అందులోకే పోతాయి, పైన ఫైబర్ కప్పేస్తుంది కాబట్టి మీకు ఏమీ కనబడదు, కొన్నేళ్లకి పెయింట్ బుడగలు లేచినప్పుడు చూస్తే లోపల రేకు చిల్లులు పడి ఉంటుంది.

పద్ధతిగా చేసేవాడు బయటి రేకుని ముందు కోస్తాడు, లోపలి రేకుకి గాట్లు పెట్టి పైకి మడిచి బయటి దానికి వెల్డ్ చేస్తాడు, అతుకు పొడవునా నీళ్లు దూరకుండా సీమ్ సీలర్ పూస్తాడు, ఆ తర్వాతే ఫ్లేరు. కాబట్టి మేస్త్రీని ఒక్కటే అడగండి: కోశాక లోపలి రేకుని ఏం చేస్తావు? "ఫ్లేరు కప్పేస్తుంది కదండీ" అన్నాడంటే నమస్కారం పెట్టి బయటికొచ్చేయండి.

నన్నడిగితే ముందు చక్రాలు మార్చి చూడండి. 4 బోల్టులు, 114.3 మిల్లీమీటర్ల పీసీడీ (బోల్టుల మధ్యల గుండా గీసిన వృత్తం వ్యాసం) ఉన్నవి కావాలి. 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ (బిగించే ముఖం చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యలో), 205/60 టైర్లు, ఈ లెక్కతో రేకు ముట్టుకోకుండానే చాలామంది సర్దుకున్నారు. బండిని బాగా కిందికి దించి ఉంటే మాత్రం స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్కడైనా రాసుకుంటోందేమో చూసుకోవాలి. పాత 175 టైరు కంటే ఎత్తు కొంచెం తగ్గుతుంది, దాంతో స్పీడోమీటర్ సుమారు 2 శాతం ఎక్కువ చూపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇంత చేశాక కూడా ఫ్లేర్లు కావాలనే అనిపిస్తే అప్పుడు చూద్దాం.

ప్రశ్న: మా నాన్నగారి 240జెడ్, కంపెనీ రంగుల్లో 918 నంబరు ఆరెంజ్. ముదురు బూడిద రంగు వేయిద్దామనుకుంటున్నాను. బయట వరకూ మారిస్తే సరిపోతుందా? లేక ర్యాప్ (రంగు ప్లాస్టిక్ పొర అంటించడం) చేయించడం మేలా?

సరిపోదు. తలుపు తీయగానే ఆరెంజ్, బానెట్ ఎత్తగానే ఆరెంజ్, వెనక హ్యాచ్ లేపితే మళ్లీ అదే. రంగు మార్చడమంటే అద్దాలు, రబ్బర్లు, లైట్లు, లోపలి సామాను విప్పి, ఇంజను గది కూడా ఖాళీ చేసి కొట్టించడం. అంత పనికి సిద్ధపడితేనే దిగండి. మీరు అడగలేదు కానీ చెప్తాను, ఆ ఆరెంజ్ 70ల నాటి బండికి పుట్టుకతో వచ్చిన అందం, బూడిద రంగు ఇవాళ ప్రతి మూడో కారుకీ ఉంది.

ఏ రంగైనా ముందు తుప్పు చూసుకోండి. మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని తలుపుకీ వెనక చక్రానికీ మధ్య కింది మూల మీద జరపండి, పట్టు వదిలేసిన చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టే. బ్యాటరీ కింది ట్రే కూడా చూడండి. గీకి శుభ్రం చేసిన రేకు మీద ముందు ఎపాక్సీ ప్రైమర్, తర్వాతే పుట్టీ. వట్టి రేకుని తేమలో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. గట్టిపడే మందు కలిపే టూకే పెయింట్లలో ఐసోసైనేట్లనే, ఊపిరితిత్తులకి హాని చేసే రసాయనాలు ఉంటాయి, ఇంట్లో మామూలు మాస్కు కట్టుకుని కొట్టే సాహసం చేయొద్దు.

ర్యాప్ అంటారా, సొట్టలు దాచదు, కింద పెయింట్ వదులుగా ఉంటే తీసేటప్పుడు దాన్నీ లాక్కొస్తుంది.

ప్రశ్న: హైవే మీద వేగం పెరిగితే ముందు భాగం తేలిపోతున్నట్టు ఉంటుంది. పైగా లోపల పొగ వాసన. స్పాయిలర్లు (గాలిని అదుపు చేసే పలకలు) పెడితే రెండూ పోతాయా?

మొదటిది చాలావరకు తగ్గుతుంది. ఈ బండికి వేగంలో ముక్కు తేలికవడం పాత జబ్బే. బంపర్ కింద ఎయిర్ డ్యామ్ (ముందు స్పాయిలర్) పెడితే కిందికి దూరే గాలి తగ్గుతుంది. అమెరికాలో పీట్ బ్రాక్ నడిపిన బీఆర్‌ఈ రేసింగ్ జట్టు 240జెడ్‌కి ముందూ వెనకా స్పాయిలర్లు బిగించి పరిగెత్తించింది, 1970లోనూ 1971లోనూ రేసర్ జాన్ మోర్టన్ దాని మీదే అక్కడి స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) సి-ప్రొడక్షన్ తరగతి జాతీయ టైటిల్ కొట్టాడు. ముందు ఒక్కటే పెడితే వెనక భాగం తేలికగా అనిపించొచ్చు, అందుకని జతగా పెట్టడం మంచిది. స్పాయిలర్ల కంటే ముందుగా టైర్లు, అలైన్‌మెంట్, సస్పెన్షన్ బుష్‌లు చూపించండి.

వాసన సంగతి వేరు. బండి వెనకాల గాలి ఒత్తిడి తగ్గి పొగని వెనక్కి లాగుతుంది, అది హ్యాచ్ రబ్బరు సందుల్లోంచీ టెయిల్ లైట్ల వెనక గ్యాస్కెట్లలోంచీ లోపలికొస్తుంది. ముందు ఆ రబ్బర్లు మార్చండి. ఆలస్యం చేయకండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు.

ప్రశ్న: నాది అమెరికా 280జెడ్. ఆ లావు బంపర్లు తీసి 240వి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, చాలామంది చేసే పనే. అక్కడి ప్రభుత్వ బంపర్ నిబంధనల వల్ల వచ్చిన లావు అది. కానీ బోల్టు విప్పి బోల్టు బిగించే పని కాదు, బ్రాకెట్లు వేరు, పాత బంపర్ వదిలిన రంధ్రాలు మూయాలి, బంపర్ కింది రేకు (వాలెన్స్) కూడా సరిచూసుకోవాలి. రంధ్రాలకి వెల్డింగ్ బదులు రబ్బరు మూతలు పెట్టండి, తీసిన బంపర్లు, వాటి షాక్‌లు (దెబ్బని పీల్చే గొట్టాలు), బోల్టులు పేరు రాసిన డబ్బాలో దాచండి. కొనేవాడు రేపు అవే అడగొచ్చు.